గైడు అడిగిన మొదటి ప్రశ్న

పెరూ అనగానే మనవాళ్లు మాచుపిచ్చు అంటారు. నాకు మొదటినుంచీ ఆ దేశపు సముద్రతీరం మీదే గురి. ఒక పక్క పసిఫిక్ సముద్రం, ఇంకో పక్క ఆండీస్ కొండలు, నడుమ రెండువేల కిలోమీటర్లకు పైగా సాగే ఎడారి. కొండల మీంచి దిగే చిన్నచిన్న ఏర్లు ఆ ఇసుకను అక్కడక్కడా చీల్చుకుంటూ సముద్రంలో కలుస్తాయి. అలాంటి లోయల్లో వేల ఏళ్లుగా మనుషులు ఊళ్లు కట్టుకున్నారు, గుళ్లు కట్టుకున్నారు, పత్తి పండించారు. ఇంకాలు వీళ్లలో చిట్టచివర వచ్చినవాళ్లు. ఇవన్నీ పుస్తకాల్లో చదువుకుని, ఒక జూలైలో డాలస్ నుంచి కుటుంబంతో బయల్దేరాను. మా ఆవిడ, బడి సెలవుల్లో ఉన్న మా వాడు, ఊరి నుంచి వచ్చి మాతో ఉంటున్న అమ్మ, నాయన. నాయన రైతు. అనంతపురం జిల్లాలో పెన్న ఒడ్డున మా ఊరు. అక్కడ మాకు వేరుశనగ సేద్యం.

యాత్రకు నేను వేసిన ప్లాను చూస్తే ఎవరైనా శభాష్ అనేవాళ్లు. ఎక్సెల్ షీటులో రోజుకొక నిలువు వరుస, అరగంటకొక గడి. చూడాల్సిన చోట్లకు పచ్చ రంగు, ప్రయాణానికి పసుపు. ఖాళీ గడి కనపడితే నాకు నిద్ర పట్టేది కాదు, అందులో ఇంకో శిథిలాన్ని తెచ్చి కూర్చోపెట్టేవాణ్ని. అంతా అయ్యాక పెరూలో ఒక గైడును వెతికి పట్టుకున్నాను. ఆమెది నజ్కా ఊరే, పురావస్తు శాస్త్రం చదువుకున్న మనిషి. మెయిలు రాస్తే ఆమె మొదట రేటు చెప్పలేదు. ఎవరెవరు వస్తున్నారు, ఏం పని చేస్తారు, వాళ్లకు ఏమంటే ఇష్టం అని అడిగింది. మర్యాద కోసం అడిగిందనుకున్నాను. "నలుగురు పెద్దవాళ్లం, ఒక పిల్లాడు" అని ఒక్క వాక్యం రాసి షీటు జత చేశాను.

ఆమె ఆ షీటును శ్రద్ధగా చదివి జవాబు రాసింది. కరాల్, పచకామాక్ శిథిలాలు రెండూ ఒకేరోజు పెట్టొద్దు, నడుమ లిమా ట్రాఫిక్ ఉంటుంది అంది. పరాకాస్‌లో దీవులకు పోయే పడవ పొద్దున్నే ఎక్కాలి కాబట్టి ముందురోజు రాత్రికే అక్కడికి చేరాలి అంది. నజ్కాలో ఒక పూట ఖాళీగా ఉంచుకోండి, నేల మీది గీతల్ని చూపించే విమానాలు వేళకు ఎగరవు అంది. చివర్లో, కాంతాయోక్ దగ్గర పాతకాలపు నీటి కాలువలున్నాయి, ఒక పూట అక్కడ గడిపితే బాగుంటుంది అని చేర్చింది. నేను అన్నిటికీ వద్దనే రాశాను. కాలువల గురించి రాసిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "మా దేశంలో కాలువలు బోలెడున్నాయి, వాటికోసం ఇంతదూరం రానక్కర్లేదు."

మొదటి దెబ్బ లిమాలో దిగగానే తగిలింది. మ్యాపులో చూస్తే లిమా మన హైదరాబాదు కన్నా భూమధ్యరేఖకు దగ్గర. పైగా ఎడారి. అందుకని అందరికీ పల్చటి నూలు బట్టలు, టోపీలు, ఎండకు రాసుకునే క్రీము సర్దించాను. విమానాశ్రయం బయట ఆకాశం బూడిదరంగులో ఉంది. సన్నటి తుంపర గాల్లో వేలాడుతూ, పడీ పడనట్టుగా ఉంది. చలి పదిహేను డిగ్రీలే, కానీ ఆ తేమకి ఎముకల్లో దిగేది. అమ్మ చీరకొంగు రెండుపొరలుగా కప్పుకుని, "ఇదేం ఎడారి నాయనా" అంది. దక్షిణార్ధగోళంలో జూలై చలికాలమని నాకు తెలియక కాదు. ఎడారి అన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

దారిలో గైడు ఓపికగా చెప్పింది. దక్షిణధ్రువం వైపు నుంచి హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీళ్లను తీరం వెంబడి మోసుకొస్తుంది. ఆ నీళ్ల మీద గాలి చల్లబడి కిందనే పరుచుకుంటుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది. మబ్బు పైకి లేస్తేనే కదా వాన. ఇక్కడ అది లేవలేక పొగమంచుగా నేలబారున తిరుగుతుంది. దాన్ని వాళ్లు గరూవా అంటారు. తూర్పున అమెజాన్ వైపు నుంచి వచ్చే తేమనేమో ఆండీస్ కొండలు అటే ఆపేస్తాయి. కోటిమంది దాకా ఉన్న లిమాలో ఏడాది వాన ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ. అలా వాన పడకపోబట్టే మట్టి ఇటుకల గోడలు కూడా వందల ఏళ్లు నిలిచాయి. ఆమె ఇదంతా చెప్తుంటే నేను షీటులో ఎంత ఆలస్యమయ్యామో లెక్క చూసుకుంటున్నాను.

కరాల్ లిమాకు ఉత్తరాన దాదాపు 200 కిలోమీటర్లు. సూపే లోయ పైన, ఎండిన కొండల నడుమ, మట్టీ రాయీ కలిపి కట్టిన పిరమిడ్లు. రూత్ షాడీ అనే పెరూ శాస్త్రవేత్త 1990ల్లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టేదాకా ఆ దిబ్బలు ఎంత పాతవో ఎవరికీ అంచనా లేదు. ఈజిప్టులో పిరమిడ్లు కడుతున్న రోజుల్లోనే ఇక్కడా కట్టారు. కుండలు చేయడం ఇంకా రాలేదు వాళ్లకు, ఊరు మాత్రం కట్టారు. అక్కడి గైడు ఒక పిరమిడ్ పక్కన విరిగిన గోడ చూపించాడు. లోపల రాళ్లు ఊరికే పోసి లేవు. రెల్లు నారతో అల్లిన వల సంచుల్లో నింపి, సంచీతో సహా పేర్చారు. షిక్రా అంటారట. భూకంపం వస్తే రాళ్లు జారిపోకుండా ఆ సంచీ పట్టి ఉంచుతుందని కొందరు ఇంజినీర్ల మాట. వేల ఏళ్ల నాటి ఆ నార ముడులు ఇంకా కనపడుతున్నాయి. 2001లో ఆ నార వయసు లెక్కగట్టే కరాల్ కాలం తేల్చి ప్రపంచానికి చెప్పారు. నాయన అక్కడ వంగి, ఆ అల్లిక ఎటునుంచి ఎటు పోయిందో వేలితో గాల్లో గీసుకుంటూ చూస్తున్నాడు. నేను వెనకనుంచి "నాయనా, పచకామాక్ మూసేస్తారు, పదపద" అన్నాను.

పచకామాక్ మూసేశారు కూడా. లిమా ఊరు దాటేసరికే పొద్దు గుంకింది. జోస్యం చెప్పే దేవుడని ఆండీస్ నలుమూలల నుంచీ జనం నడిచొచ్చిన క్షేత్రం అది. 1533లో బంగారం కోసం హెర్నాండో పిజారో గుర్రాలతో వచ్చి దిగిన చోటు. దాని ఇనుప గేటు చూసి తిరిగొచ్చాం. ఇంకొకరైతే ఆ రాత్రే షీటు చించేసేవాళ్లు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. హోటల్లో కూర్చుని పోయిన గంటల్ని మిగతా రోజుల్లో ఇరికించాను.

పరాకాస్ గురించి ఎక్కువ చెప్పను. బయెస్తాస్ దీవులకు పడవలు పొద్దున పోతాయి. మధ్యాహ్నం దాటితే అక్కడ గాలి లేస్తుంది, ఇసుకను లేపి ముఖాన కొడుతుంది. మేం లిమా నుంచి తీరిగ్గా కారులో వచ్చి మధ్యాహ్నం చేరాం. రేవులో పడవలన్నీ తాళ్లకు కట్టేసి ఊగుతున్నాయి. కొండవాలు మీద గీసిన కాండెలాబ్రో బొమ్మ సముద్రంలోంచే సరిగ్గా కనపడుతుంది, అదీ పోయింది. గైడు "నేను చెప్పాను కదా" అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే ఆమెతో వాదించి నన్ను నేను సమర్థించుకునేవాణ్ని. అనకపోవడం వల్ల ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నజ్కాకు వచ్చాం. పాతకాలంవాళ్లు ఎడారి నేల మీద గీసిన పెద్దపెద్ద గీతలకూ బొమ్మలకూ పేరుపడిన చోటు. ఊరికి ముందు హైవే పక్కన ఒక ఇనుప మంచె ఉంది. దశాబ్దాల తరబడి ఆ గీతల్ని కొలిచి, చీపురుతో ఊడ్చి, కాపాడిన జర్మన్ మహిళ మరియా రైఖ కట్టించింది. ఎక్కితే రెండు బొమ్మలు బాగా కనపడతాయి. మూడోది ఒక బల్లి. దాన్ని హైవే నడుముకు రెండుగా కోసేసింది, రోడ్డు వేసిన రోజుల్లో ఎవరూ చూసుకోలేదు. మంచె దిగాక మా వాణ్ని ఆ మైదానంలో నిలబెట్టి ఫోటో తీద్దామనుకున్నాను. "రెండడుగులే కదా" అన్నాను గైడుతో. ఆమె గొంతు మొదటిసారి గట్టిపడింది. నల్లగా మాగిన పైరాళ్లను పక్కకు తీసి, కింది లేతరంగు నేలను బయటపెట్టడమే ఆ గీతలు గీసిన పద్ధతి. అందుకు వాళ్లు ఎంత లోతు తవ్వారని, చెయ్యి లోతు కూడా కాదు. వాన లేదు కాబట్టి గీత చెరగలేదు, అదే కారణానికి కాలిముద్ర కూడా చెరగదు. 2014లో ఒక పర్యావరణ సంస్థవాళ్లు హమ్మింగ్‌బర్డ్ బొమ్మ పక్కన నినాదం పరవడానికి లోపలికి నడిచారు. ఆ నడిచిన దారి ఇప్పుడు అక్కడ ఇంకో గీత అని చెప్పింది. మా వాడు నాకన్నా ముందు వెనక్కి తగ్గాడు.

మర్నాడు పొద్దున్నే ఆ బొమ్మల్ని మీంచి చూపించే విమానం. నా షీటులో అన్నిటికన్నా పెద్ద పచ్చగడి అది. అయిదుగురం తయారై చిన్న విమానాశ్రయానికి పోతే మంచు. చలికాలం పొద్దుటిపూట నజ్కాలో అది మామూలే. విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి, ఎప్పుడు ఎగురుతాయో చెప్పేవాళ్లు లేరు. జనంతో కిటకిటలాడే గదిలో కూర్చోలేక నేను అటూ ఇటూ తిరుగుతుంటే గైడు మెల్లిగా అడిగింది, ఇక్కడ కూర్చునే బదులు దగ్గర్లో ఒక చోటికి పోయొద్దామా, పిలుపొస్తే వెంటనే వచ్చేయొచ్చు అని. ఎక్కడికని కూడా అడగలేదు నేను. సరే అన్నాను.

ఆమె తీసుకుపోయింది కాంతాయోక్‌కే.

కారు దిగితే ముందు ఏమీ కనపడలేదు. పొలాలు, వెనక బోసి కొండలు. నాలుగడుగులు వేశాక నేలలో ఒక పెద్ద గుండ్రటి గుంత. ఏటి గుండ్రాళ్లు పేర్చి కట్టిన గోడ, ఆ గోడ వెంబడి చుట్టూ తిరుగుతూ కిందికి దిగే సన్నటి దారి. దానికి కొంచెం దూరంలో ఇంకోటి, దాని తర్వాత ఇంకోటి, అన్నీ ఒకే వరసలో. అడుగున నీళ్లు పారుతున్న చప్పుడు. గైడు చెప్పడం మొదలుపెట్టేలోపే నాయన దిగిపోయాడు. చెప్పులు గట్టు మీద విడిచి, గోడ పట్టుకుని, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి చుట్లు చుట్లుగా దిగి, అడుగున నీళ్లలో చెయ్యి పెట్టి, మీద నిలబడ్డ నా వైపు చూసి అరిచాడు.

"రేయ్, ఇది ఊటకాలవరా! మన ఊటకాలవే!"

నాకు ఆ మాట లీలగా తెలుసు. ఊరి పెద్దల నోట విన్నాను, అడిగి తెలుసుకోలేదు. గైడేమో ఆయన ఏమన్నాడో చెప్పమని నా చెయ్యి పట్టుకుంది. నాయన చెప్తుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. పెన్నలో ఎండాకాలం పైకి నీళ్లు కనపడవు, కానీ ఇసుక కింద నడుస్తూనే ఉంటాయి. ఏటి ఎగువన ఇసుకలోకి కాలువ తవ్వుతారు. ఏటి వాలు కన్నా కాలువ వాలు తక్కువ పెడతారు. ఇసుకలోంచి ఊరిన నీళ్లు అలా నడుచుకుంటూ పోయి, దిగువన పొలం దగ్గర నేలమట్టానికి వచ్చేస్తాయి. మోటారు లేదు, ఏతం లేదు. గైడు కళ్లు పెద్దవయ్యాయి. ఇక్కడా అంతే అంది. వీటిని పుకియోలు అంటారట. ఎగువన భూగర్భంలో నీరు తగిలేదాకా తవ్వి, సొరంగంగా తెచ్చి, చివర్లో ఒక కుంటలోకి వదిలి పొలాలకు పారిస్తారు. నజ్కా లోయల్లో ఇలాంటివి ముప్పైకి పైగా ఉన్నాయి. సుమారు 1500 ఏళ్ల కిందట, ఆ గీతలు గీసినవాళ్లే తవ్వారని ఎక్కువమంది పరిశోధకుల మాట, స్పానిష్‌వాళ్లు వచ్చాక తవ్వినవని వాదించినవాళ్లూ ఉన్నారు. మనుషులు దిగి సొరంగం శుభ్రం చేసుకోవడానికి ఈ గుంతలు దారి.

"పూడిక ఎవరు తీస్తారు?" అని అడిగాడు నాయన. ఆ నీళ్లు వాడుకునే రైతులే, ఏడాదికోసారి కలిసి తీస్తారంది ఆమె. "మాకూ ఇంటికొక మనిషి పోవాల. నీళ్లు పంచేదానికి నీరుగంటి ఉండె" అన్నాడాయన. బోర్లు వేశాక నీళ్లు తగ్గాయా అన్నాడు. పక్కనున్న ఇకా లోయలో ఎగుమతికి ఆస్పరాగస్ పండించడానికి లోతుగా బోర్లు వేశారు, నీళ్లు ఏటికేడు దిగిపోతున్నాయి అంది. ఆయన తలాడించాడు. ఒకరి భాష ఒకరికి రాదు. నడుమ నేను రెండు భాషలూ తెలిసి, చెప్తున్న సంగతి తెలియకుండా నిలబడ్డాను.

అప్పుడే ఫోను మోగింది. మంచు తేలింది, మా విమానానికి పిలుపొచ్చింది. నాయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు, సొరంగం పైకప్పుకు ఏ కర్ర వాడారని. వరాంగో చెట్టు కర్ర అని గైడు చెప్పబోతోంది. నేను "నాయనా, టైమైంది, పోదాం" అన్నాను. ఆయన మారుమాట లేకుండా వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. కారెక్కుతూ నా భుజం మీద చెయ్యేసి అన్నాడు, "మంచి తావుకు పిల్చకొచ్చినావురా."

ఆ మాటకు నేనేం చెప్పను? షీటులో నేను కొట్టేసిన చోటది. కాలువలు మాకు బోలెడున్నాయని రాసిన వేళ్లు ఇవే. మంచు పట్టకపోతే ఆయన దీన్ని చూడకుండానే పెరూ దాటిపోయేవాడు. ముందు సీట్లో గైడు తల తిప్పలేదు. ఆమెకు తెలుగు రాదు, కానీ నాయన ఏమన్నాడో ఆమెకు అర్థమైందని ఇప్పటికీ నా నమ్మకం. ఎవరు వస్తున్నారు, ఏం పని చేస్తారు అని ఆమె అడిగిన మెయిలు నాకు ఆ కారులో గుర్తొచ్చింది. పెన్న ఒడ్డు రైతు వస్తున్నాడని నేను ఒక్క ముక్క రాసి ఉంటే ఆమె ఈ చోటును అరగంట నిరీక్షణలో కాక, యాత్రకే నడిబొడ్డున పెట్టేది. నేను నాయన్ని "నలుగురు పెద్దవాళ్లు"లో ఒక లెక్కగా రాశాను.

విమానం అరగంట తిరిగింది. ఆలస్యంగా ఎగరడంతో గాలి లేచింది. కుడిపక్కవాళ్లకు ఒకసారి, ఎడమపక్కవాళ్లకు ఒకసారి చూపించడానికి పైలట్ ప్రతి బొమ్మ దగ్గరా విమానాన్ని రెండువైపులా ఒరిగిస్తాడు. ఏమీ తినకుండా రమ్మని గైడు చెప్పినా, పాపం ఎంతసేపు కడుపు మాడ్చుకుంటుందని అమ్మకు నేనే బిస్కట్లు పెట్టాను. ఆమె కోతినీ చూడలేదు, హమ్మింగ్‌బర్డ్‌నీ చూడలేదు, కళ్లు మూసుకుని కాగితం సంచి పట్టుకుని కూర్చుంది. తిరిగి దిగే ముందు విమానం పచ్చటి లోయ మీదుగా వంగింది. నాయన అద్దానికి ముఖం ఆనించి "అద్దో, అద్దో" అన్నాడు. కింద కాంతాయోక్. ఆ గుంతలన్నీ ఒకదాని వెంట ఒకటి, కొండ వైపు నుంచి పొలం వైపు నడుస్తున్నాయి. కింద నిలబడి చూస్తే నీళ్లు ఎటు పోతున్నాయో ఊహించుకోవాలి. మీంచి చూస్తే నీటి దారి మొత్తం కనపడుతోంది.

ఆ రాత్రి హోటల్లో ఆయనకు నిజం చెప్పాను. ఆమె ముందే రాసింది నాయనా, నేనే వద్దన్నాను అని. ఆయన కాసేపు ఊరుకున్నాడు. "నీకెట్ల తెలుస్తాది? నువ్వు నడక నేర్సేటప్పటికే మన కాలవ ఎండిపాయ. నేనూ నీకు ఎప్పుడూ చెప్పల్యా" అన్నాడు. తర్వాత మా తాత కాలంలో ఆ కాలువ కింద వరి పండిందనీ, పూడిక తీసే రోజు ఊరంతా ఎలా కదిలేదో చెప్పాడు. మా వాడు నిద్ర మానుకుని విన్నాడు.

మిగిలిన రోజులు గైడు చేతిలో పెట్టాను. ఆమె మళ్లీ అదే ప్రశ్న అడిగింది, ఈసారి కూర్చుని అన్నీ చెప్పాను. అమ్మ మోకాళ్ల సంగతి, మాంసం ముట్టదన్న సంగతి, వేరుశనగ సంగతి. మీరు పండించే పంట మా ఖండానిదే అని ఆమె నవ్వింది. మర్నాడు మ్యూజియానికి తీసుకుపోయి నజ్కావాళ్ల రంగుల కుండలు చూపించింది. వాటి మీద మిరపకాయలు, చిక్కుళ్లు, వేరుశనక్కాయలు. నాయన ఒక కుండ ముందు నిలబడి కాయ మీది గాట్లు లెక్కపెట్టాడు. సాయంత్రం మళ్లీ కాంతాయోక్. ఈసారి చీకటి పడేదాకా ఎవరూ ఎవర్నీ తొందరపెట్టలేదు. పచకామాక్, పడవ, ఇసుకతిన్నెల మీద బండి సవారీ, అన్నీ మాకు లేకుండా పోయాయి. మళ్లీ పోయినా బహుశా అలాగే వదిలేస్తాను, ఒక్క పచకామాక్ తప్ప.

మీరు వెళ్లేటట్లయితే తీరానికి ఎండ కావాలంటే డిసెంబరు నుంచి మార్చి లోపల పెట్టుకోండి. అయితే ఆ నెలల్లోనే కొండల మీద వానలని గుర్తుంచుకోండి, ఫిబ్రవరిలో మాచుపిచ్చుకు పోయే ఇంకాల నడకదారిని మూసేస్తారు. జూలైలోనే కుదిరితే స్వెట్టర్లు పెట్టుకోండి. పరాకాస్‌లో ముందురోజు రాత్రి పడుకోండి. నజ్కాలో ఒక పొద్దు ఖాళీగా ఉంచండి, విమానం ఎక్కేముందు పెద్దవాళ్లకు ఏమీ పెట్టకండి. గైడుకు షీటు పంపేముందు ఇంట్లోవాళ్ల గురించి ఒక పేజీ రాసి పంపండి. వాళ్లలో సేద్యం చేసిన మనిషి ఎవరైనా ఉంటే అది మొదటి వాక్యంలోనే రాయండి. నజ్కా ఊరి నుంచి కాంతాయోక్‌కు కారులో పావుగంట కూడా పట్టదు.